గుడ్డ మీద పేరు

మునస్వామి చనిపోయిన రోజుకి ఆయన అచ్చు గదిలో ఏడు పెళ్ళిళ్ళ పత్రికలు సగంలో ఉన్నాయి. 1996 ఏప్రిల్ అది. ముహూర్తాలు దట్టంగా ఉన్న నెల. ఖాళీ కార్డులు కొనుక్కొస్తానని పొద్దున్నే బెంగళూరు బస్సెక్కిన మనిషి, మధ్యాహ్నం బెంగళూరు బస్టాండులో ఆ కార్డుల కట్ట పక్కనే కూలబడిపోయాడు. గుండెనొప్పి అన్నారు. ఎవరో జేబులోని రసీదు పుస్తకం మీద అడ్రసు చూసి పుంగనూరుకి కబురు పంపారు.

ఆయన భార్య ప్రమీలమ్మకి అప్పటికి ముప్ఫై ఒకటి. కూతురు అర్చనకి ఎనిమిదేళ్ళు. పుంగనూరు బజారు వీధి వెనక సందులో వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మునస్వామి బల్ల, వచ్చినవాళ్ళకి రెండు కుర్చీలు, గోడకి వరసగా తగిలించిన పాత పత్రికల నమూనాలు. ఏ దేవుడి బొమ్మ వేయాలి, బంధువుల పేర్లు ఏ వరసలో రావాలి అని ఆయన అక్కడ కూర్చుని ఓపిగ్గా రాసుకునేవాడు. ఊరికి తెలిసింది ఆ ముందు గదే.

వెనక గది ప్రమీలమ్మది. చెక్క చట్రానికి బిగించిన సన్నటి జాలీగుడ్డ మీద రంగు పోసి, రబ్బరు పలకతో ఒక్క లాగు లాగి, కింద పెట్టిన కార్డు తీసి తీగ మీద ఆరేసేది ఆమె. పెళ్ళయిన రెండో ఏడు నుంచీ ఆ పని ఆమెదే. మునస్వామి చెయ్యి కాస్త వణికేది. ఆయన లాగితే రంగు ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా పడేది. ఆమె లాగితే మొదటి కార్డూ ఐదువందలో కార్డూ ఒకేలా ఉండేవి. ఈ సంగతి వాళ్ళిద్దరికే తెలుసు. బయట చెప్పుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

కర్మాంతరం అయిన రెండో రోజున ఆమె వెనక గది తలుపు తీసింది. చట్రాల్లో రంగు గడ్డకట్టి ఉంది. కిరసనాయిలు పోసి, పాతగుడ్డతో తుడుస్తూ, జాలీ కన్నాలు ఒక్కొక్కటే తెరుచుకోవడం చూస్తూ ఒక పూటంతా కూర్చుంది. ఏడు పెళ్ళిళ్ళలో అన్నింటికంటే దగ్గర్లో ఉన్నది లక్ష్మీపతి కొడుకుది. ఆయన బజారులో బెల్లం, మిరపకాయల వ్యాపారి. మునస్వామికి చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. మూడు రోజులు కూర్చుని ఆ పత్రికలు పూర్తి చేసింది.

లక్ష్మీపతి వచ్చాడు. గడప దగ్గరే నిలబడ్డాడు. ఎప్పుడూ కూర్చునే కుర్చీ వైపు చూశాడు గాని లోపలికి రాలేదు.

"అమ్మా, పత్రికలు..." అన్నాడు.

"అయిపోయినాయన్నా. కట్టలు కడతాండాను."

"ఎవురు ఏసినారమ్మా?"

"నేనే."

ఆయన భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "నీ మీద నాకేమీ ల్యాదమ్మా. మునస్వామి నాకు తమ్ముని లెక్క. కానీ ఇంట్లో ఆడోళ్ళు ఒప్పుకోరు. పసుపు పెట్టి దేవుని ముందర పెట్టే కాయితం గదా."

ప్రమీలమ్మ కట్టలు కట్టడం ఆపింది. "అన్నా, మీ పెద్దోని పెండ్లి పత్రికలు గూడా నా సేత్తో లాగినవే. ఈ ఊర్లో పదేండ్లుగా ఈ ఇంటి నుంచి పోయిన పత్రికలన్నీ నేను ఏసినవే."

"అప్పుడు నువ్వు ముత్తైదువ్వి గదమ్మా," అన్నాడు లక్ష్మీపతి తల వంచుకుని.

ఆ మాటలో కటుత్వం లేదు. కోపంగా అని ఉంటే తనూ ఒక మాట అనేది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పత్రికలు తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. తక్కిన ఆరుగురిలో ఇద్దరు మనుషుల్ని పంపి తాము రాసిచ్చిన కాగితాలు వెనక్కి తెప్పించుకున్నారు. నలుగురు ఆ పాటి కబురు కూడా చేయలేదు. లక్ష్మీపతి కొడుకు పత్రికల వెనక తెల్ల వైపు అర్చన రెండేళ్ళ పాటు లెక్కలు చేసుకుంది.

బైరెడ్డిపల్లె దగ్గరి పుట్టింటి నుంచి ఆమె అన్న వచ్చాడు. వాళ్ళది మెట్టభూమి, వాన పడితే వేరుశనగ, లేకపోతే లేదు. "ఈడ ఒంటిగా ఏం సేస్తావు? ఇల్లు ఖాళీ సేసి రా. ఉన్నదాంట్లో తిందాం," అన్నాడు.

"ఆడికొచ్చి నేనేం సేయల్లన్నా? కలుపు తీసేది నాకంటే వొదినకి బాగా వస్తాది. నాకు ఈ పనొకటే వచ్చు."

"ఈ పని నీకు ఎవురిస్తాండారు?"

అన్న రెండు రోజులుండి వెళ్ళిపోయాడు. ఆ మే నెలంతా వీధిలో మేళాలు మోగుతుంటే ఆమె వెనక గది కిటికీ మూసుకుని ఉతికిన చట్రాల్నే మళ్ళీ ఉతికింది.

జూన్‌లో బడి తెరిచారు. అర్చన చదివే బడిలో పిల్లల తెల్ల చొక్కాల జేబు మీద బడి గుర్తు ఉండాలని కొత్త నియమం పెట్టారు. గుర్తు ఒక దీపం, కింద తెరిచిన పుస్తకం. దారంతో కుట్టిస్తే ఖర్చెక్కువ, ఆలస్యం. ప్రమీలమ్మ వెళ్ళి పీటీ సారుని కలిసింది. "అచ్చేసిస్తాను సార్. వారంలో ఇస్తాను," అంది. చొక్కాకి ముహూర్తం లేదు, పసుపు లేదు, ఎవరు వేశారని అడిగేవాళ్ళు లేరు. ఆ ధైర్యమే ఆమెని నడిపించింది. మదనపల్లె నుంచి గుడ్డల రంగు డబ్బా తెచ్చుకుని, నూటనలభై చొక్కాల మీద నీలం రంగులో దీపం అచ్చేసి, ఎండలో ఆరబెట్టి, మడతలు పెట్టి ఇచ్చింది. చూడ్డానికి అచ్చు చక్కగా ఉంది. చొక్కాల కట్టలు సైకిలు రిక్షాలో బడికి పోతుంటే, రెండు నెలల తర్వాత మొదటిసారి ఆమెకి ఆకలి వేసింది.

జూలైలో ఒక సాయంత్రం బడి వదిలే వేళకి వాన పడింది. అర్చన తడిసి ఇంటికొచ్చింది. చొక్కా జేబు నుంచి నడుము దాకా నీలం చారలు. మెడ కింద, చేతుల మీద నీలం.

"అందరికీ అట్లనే అయిందమ్మా," అంది పిల్ల. కాసేపాగి, "అందరూ నన్నే సూసినారు," అంది.

ప్రమీలమ్మ ఆ చొక్కా విప్పి బకెట్లో వేసింది. నీళ్ళు నీలమయ్యాయి. తను చేసిన దీపం వేళ్ళతో రుద్దితేనే ఊడి వస్తోంది.

మర్నాడు పీటీ సారు పిలిపించక ముందే తనే బడికి వెళ్ళింది. ఆయన బల్ల మీద పదిహేను ఇరవై చొక్కాలు కుప్పగా ఉన్నాయి. తల్లిదండ్రులు విసిరేసి వెళ్ళినవి.

"నా తప్పే సార్. నాకు కాయితం తెలుసు, గుడ్డ తెల్దు. పదైదు దినాలు గడువియ్యండి. అన్నీ నేనే మల్లా సేసిస్తాను."

"తెల్దని తెలిసీ యాల తీసుకున్నావమ్మా?" అన్నాడాయన.

లక్ష్మీపతి మాట కంటే ఈ మాట ఆమెకి ఎక్కువ తగిలింది.

మదనపల్లెలో రంగు డబ్బా అమ్మిన కొట్టు అతను కుప్పంలో ఒక ముసలాయన ఉన్నాడని చెప్పాడు. పేరు అంజినప్ప. ఇరవై ఏళ్ళు తిరుప్పూరులో బనియన్ల మీద అచ్చు పని చేసి, చూపు తగ్గాక సొంతూరికి తిరిగొచ్చాడు. రైలు స్టేషను వెనక రేకుల షెడ్డులో గంగమ్మ జాతర వాలంటీర్లకు తువ్వాళ్ళు, వాలీబాల్ ఆటగాళ్ళకు బనియన్లు అచ్చేస్తుంటాడు. ప్రమీలమ్మ అర్చనని పక్కింటి వాళ్ళకి అప్పజెప్పి, పాడైన చొక్కాలు రెండు సంచిలో పెట్టుకుని, పలమనేరులో బస్సు మారి కుప్పం చేరింది.

అంజినప్ప చొక్కాని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశాడు. బొటనవేలు తడి చేసి రుద్దాడు. వాసన చూశాడు.

"రంగు మంచిదే. కాల్చినావా?"

"ఎండలో ఆరబెట్టినానప్పా."

"ఆరేది వేరే, కాలేది వేరేమ్మా. కాయితం మీద రంగు పడుకుంటాది. గుడ్డలో రంగు కాపరం సేయల్ల. వేడి తగిలితేనే అది దారాన్ని పట్టుకుంటాది. ల్యాకపోతే మొదటి వానకే ఎల్లిపోతాది." చొక్కా మడిచి ఆమె చేతికిచ్చాడు. "ఇంటాయన ఏం సేస్తాడు?"

"పొయినాడప్పా. మూడు నెల్లయింది."

అంజినప్ప తలూపాడు. బల్ల మీద ఒక తువ్వాలు పరిచి, దాని మీద చట్రం పెట్టి, రబ్బరు పలక ఆమె వైపు జరిపాడు. "ఏదీ, లాగు. సెయ్యి సూస్తాను."

ఆమె లాగింది. ఆయన వంగి, అచ్చు మీద దాదాపు ముక్కు ఆనించి చూశాడు. "సేతికి పని వచ్చు," అన్నాడు. "తక్కింది నేర్పిస్తా."

ఐదు రోజులు ఆ ఇంట్లోనే ఉంది. అంజినప్ప భార్య ఏ ప్రశ్నలూ అడక్కుండా రాగి సంగటి పెట్టింది. పగలంతా ఆయన పక్కన నిలబడి ప్రమీలమ్మ చూసింది, చేసింది. గుడ్డకి జాలీ కన్నాలు పెద్దవిగా ఉండాలి, కాగితానికి వాడే సన్న జాలీ పనికి రాదు. రంగులో జిగురు పాలు తగ్గితే ఉతుక్కి నిలవదు, ఎక్కువైతే గుడ్డ అట్టలా బిగుసుకుపోతుంది. అచ్చు ఆరిన తర్వాత తిరగేసి, వెనక నుంచి ఇస్త్రీ పెట్టె ఆనించి నూరు లెక్క పెట్టాలి. చెమట పట్టే ఆట బనియనుకి ఒక రకం, రోజూ బండకేసి బాదే పనివాళ్ళ చొక్కాకి ఒక రకం, ఒక్కరోజు కట్టి విప్పేసే బ్యానరుకి ఒక రకం. ఆఫీసర్ల టోపీకి అచ్చు కంటే దారంతో కుట్టిందే మేలు.

"ఆ గుడ్డని ఎవురు కట్టుకుంటారు, యాడ ఉతుకుతారు, అది ముందు అడుగు. ఆమైన రంగు కలుపు," అన్నాడు అంజినప్ప, ఆమె బయల్దేరే రోజున. డబ్బు తీసుకోలేదు. "అప్పుడప్పుడు వచ్చి నా చట్రాలు కడిగిపో. నాకు కన్నాలు కనపడడం ల్యా," అన్నాడు.

పుంగనూరు వచ్చి నూటనలభై చొక్కాలూ వెనక్కి తెప్పించుకుంది. కాల్చని రంగు కాబట్టి సబ్బు పెట్టి తోమితే చాలావరకు పోయింది. కానీ ప్రతి జేబు మీదా పలచటి నీలపు మరక మిగిలింది. ఆ మరక కప్పేలా దీపాన్ని కొంచెం పెద్దది చేసి, చుట్టూ ముదురు నీలం వలయం గీసి కొత్త అచ్చు తయారు చేసింది. వేసింది, ఆరబెట్టింది, ఒక్కో చొక్కా తిప్పి ఇస్త్రీ పెట్టె కింద నూరు లెక్క పెట్టింది. బొగ్గుల పెట్టె బరువుకి కుడి భుజం వాచింది. పదిహేనో రోజున బడికి వెళ్ళి, పీటీ సారు ఎదుటే ఒక చొక్కాని బకెట్లో ముంచి, బండ మీద పది సార్లు బాది, ఆయన తెల్ల చేతిరుమాలు అడిగి తీసుకుని దాంతో రుద్ది చూపించింది. రుమాలు తెల్లగానే ఉంది.

"పైసారి గూడా నువ్వే సెయ్యమ్మా," అన్నాడాయన.

అప్పటి నుంచి ప్రతి పనిలోనూ ఒక పీసు ఉతికి, రుద్ది చూడనిదే ఆమె కట్ట కట్టలేదు. పాల సొసైటీ సంచులు, ఆటో డ్రైవర్ల సంఘం చొక్కాలు, సోమల నుంచి భజన బృందాల తువ్వాళ్ళు వచ్చాయి. 1999లో ఇల్లు మదనపల్లెకి మార్చి, నీరుగట్టువారిపల్లె వైపు ఒక పాత మగ్గాల షెడ్డు అద్దెకి తీసుకుంది. మగ్గం గుంటలు పూడ్చి పొడవాటి బల్లలు వేయించింది. ఇద్దరు ఆడవాళ్ళు పనికి చేరారు. కొన్నాళ్ళకి వేడితో రంగుని కాల్చే యంత్రం వచ్చింది. ఆ తర్వాత ఊరంతా ప్లాస్టిక్ ఫ్లెక్సులు వచ్చాయి. రెండేళ్ళలో గుడ్డ బ్యానర్ల పని పూర్తిగా పోయింది. అప్పుడు ఆమె కొంచెం భయపడింది గాని, ఫ్లెక్సుని ఎవరూ ఒంటికి తొడుక్కోలేరు కదా అనుకుని చొక్కాల మీదే నిలబడింది.

పెళ్ళి పత్రికలు మళ్ళీ వేయలేదు. ఎవరూ అడగలేదు, ఆమె కూడా కోరుకోలేదు. మొదట్లో దాని మీద పంతం ఉండేది. పోను పోను అదీ లేకుండా పోయింది.

2005లో శివకుమార్ అనే అతను వచ్చాడు. కుప్పం దగ్గర రాళ్ళ క్వారీల్లో కూలి సంఘానికి కార్యదర్శి. ఏడాది కిందట ఒక క్వారీలో బండ జారి ముగ్గురు చనిపోయారు. సంవత్సరీకం నాడు సంఘం వాళ్ళంతా క్వారీ నుంచి ఊళ్ళోకి మౌనంగా నడవాలనుకున్నారు. అరవై తెల్ల టీషర్టులు, వీపు మీద ముగ్గురి పేర్లు నల్లగా ఉండాలి.

"మూడు పేర్లు, అంతే. ఇంకేం వొద్దు," అని కాగితం ఇచ్చాడు. కాగితంలో మునిరత్నం, నాగరాజు, గంగన్న అని ఉంది.

చొక్కాలు పూర్తయి, ఒకటి ఉతికి చూసి, కట్టలు కడుతున్న రోజు పొద్దున ఒకామె షెడ్డు గుమ్మంలోకి వచ్చింది. నలభై దాటిన మనిషి. మోచేతుల దాకా రాతి దుమ్ము గీతలు. కుప్పం నుంచి రెండు బస్సులు మారి వచ్చానంది. పేరు సిద్ధమ్మ.

"ఈడ మా ఆయన పేరు ఏస్తాండారంట గదమ్మా. ఒకసారి సూసి పోదామని వస్తిని."

ప్రమీలమ్మ ఒక చొక్కా విప్పి బల్ల మీద వీపు పైకి వచ్చేలా పరిచింది. సిద్ధమ్మ చెయ్యి చీరకి తుడుచుకుని, మూడు వరసలూ చూసింది. "నాకు సదువు రాదు. ఇందులో ఆయన ఏదమ్మా?"

"మీ ఆయన పేరు?"

"గంగులప్ప."

ప్రమీలమ్మ మూడో వరస చూసింది. గంగన్న. చదవకుండా ఊరుకుందామన్న ఆలోచన ఒక్క క్షణం ఆమెకి రాకపోలేదు. ఎదుటి మనిషికి అక్షరాలు రావు. వేలు పెట్టి ఇదేనమ్మా అంటే చాలు, చూసుకుని సంతోషంగా వెళ్ళిపోతుంది.

"ఇందులో గంగన్న అని ఉండాదమ్మా," అంది.

సిద్ధమ్మ మొహంలో ఏ మార్పూ లేదు. "క్వారీ పుస్తకంలో అట్లనే రాసుకున్న్యారు. మేస్త్రీకి పూరా పేరు రాసేదానికి ఓపిక ల్యాదు. బతికుండంగా ఆయన్ని ఎవురూ గంగన్న అని పిలవలేదమ్మా. నేనూ పిలవలేదు, వాళ్ళమ్మా పిలవలేదు." చొక్కా అంచు సరిచేసింది. "పోనీలేమ్మా. నువ్వేం సేస్తావు."

ప్రమీలమ్మ శివకుమార్‌కి ఫోను చేసింది.

"అయ్యో, నేను పుస్తకం సూసి రాసుకున్న్యానమ్మా," అన్నాడతను. "ఇంకేం సేస్తాం, ఎల్లుండే గదా నడిసేది. వీపు మీది అక్షరం ఎవురు సదువుతారు? అట్లనే పంపించు."

"ఎల్లుండి పొద్దున్నికి కదా నీకు కావల్సింది? రేపు సాయంత్రానికి బస్సులో ఏస్తాను," అని పెట్టేసింది.

కాల్చిన రంగు పోదు. అది ఆమె నేర్చుకున్న పనే. తోమినా ఉడకబెట్టినా గంగన్న అక్కడే ఉంటాడు. చివరికి కొత్త చట్రం మీద వెడల్పాటి పట్టీ ఒకటి గీసింది. పేరు మీద నల్లటి పట్టీ పరిచి, అది కాలిన తర్వాత దాని మీద తెల్ల రంగుతో సరైన పేరు వేయాలి. పని చేసే ఇద్దరిలో పెద్దామె అక్కమ్మ చూసి, "కింద వరసకి ఒక్కదానికే కదా?" అంది.

"ఆయనొక్కడికే నల్లపట్టీ ఏస్తే, తప్పు ఆయనదే అన్నట్టుంటాది. మూడింటికీ ఏద్దాం."

అరవై చొక్కాలు, మూడేసి పట్టీలు. ఆ తర్వాత మూడేసి పేర్లు, తెలుపు బాగా కనబడాలంటే రెండు పూతలు. సిద్ధమ్మ వెళ్తానని లేచింది గాని వెళ్ళలేదు. చీర కొంగు దోపుకుని బల్ల పక్కన నిలబడి చొక్కాలు పరిచింది, ముడతలు తీసింది, అచ్చయినవి రెండు చేతులా పట్టుకుని యంత్రం దగ్గరికి మోసింది. రాళ్ళెత్తే చేతులు. తడి రంగు ఒక్కచోట కూడా చెదరలేదు. ఆ రోజు అక్కమ్మ వాళ్ళింట్లో పడుకుని, తెల్లారే మళ్ళీ వచ్చింది.

రెండు పూతల తెలుపు మందంగా, కొంచెం ఉబ్బెత్తుగా తేలింది. మధ్యాహ్నం మొదటి చొక్కా చల్లారిన తర్వాత ప్రమీలమ్మ ఆమె వేలు పట్టుకుని మూడో వరస మీద పెట్టింది.

"ఇది గం. సున్నా ఉండాది సూడు. ఇది గు. ఇది ల. ఈ కడాది ప్ప."

సిద్ధమ్మ వేలు నాలుగు అక్షరాల మీద నడిచింది. వెనక్కి వచ్చి మళ్ళీ నడిచింది. వేలు నడుస్తున్నంతసేపూ ఆమె పెదాలు కదిలాయి. షెడ్డులో యంత్రం ఆపేశారు. సిద్ధమ్మ ఏడవలేదు. "ఇంత పొడుగు ఉంటాదా ఆయన పేరు," అంది.

సాయంత్రం చొక్కాల మూటతో పాటు ఆమె బస్సెక్కింది. అరవైతో పాటు ప్రమీలమ్మ ఇంకొక చొక్కా వేసి, విడిగా మడిచి ఆమె చేతికిచ్చింది.

నడక జరిగిందని పేపర్లో నాలుగు వరసలు వచ్చాయి. ఫోటో లేదు. శివకుమార్ ఆ తర్వాత రెండు మూడు సార్లు పని తెచ్చాడు. ప్రతిసారీ పేర్లు ఇంటింటికీ వెళ్ళి అడిగి రాసుకొచ్చాడు.

2007 మాఘంలో అంజినప్ప పోయాడు. కబురు తెలిసి ప్రమీలమ్మ కుప్పం వెళ్ళింది. ఆయన భార్య పక్కన ఒక రాత్రి ఉంది. షెడ్డులో చట్రాలు ఉతకకుండా పడి ఉన్నాయి. ఎవరూ అడగకపోయినా వాటన్నింటినీ కడిగి, గోడకి ఆనించి ఆరబెట్టింది. పొద్దున బస్టాండుకి పోవడానికి రైలు స్టేషను ముందు నుంచి నడుస్తోంది. బెంగళూరు రైలు వేళ. పనికి పోయే జనం క్యారియర్లు పట్టుకుని గుంపులుగా లోపలికి పోతున్నారు. ఆ గుంపులో ఒకామె చీర మీద తెల్ల టీషర్టు తొడుక్కుని ఉంది. వీపు మీద మూడు నల్లపట్టీలు. తెలుపు కొంచెం మాసింది గాని అక్షరాలు చెక్కు చెదరలేదు.

"సిద్ధమ్మా!" అని పిలిచింది.

ఆమె ఆగలేదు. రెండోసారి గట్టిగా పిలిస్తే తిరిగి చూసింది. గుర్తుపట్టి పరిగెత్తుకుంటూ వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. క్వారీ పని మానేసిందట. బెంగళూరులో కట్టడాల పనికి పోతోంది. పొద్దున రైల్లో పోయి సాయంత్రం రైల్లో వస్తుంది.

"దినామూ ఇదే ఏసుకుంటావా?" అంది ప్రమీలమ్మ.

"పనికి పోయేటప్పుడు ఏసుకుంటానమ్మా. చీరకి సిమెంటు అంటకుండా." సిద్ధమ్మ కొంచెం సిగ్గుపడింది. "ఆడ పనిలో నా పేరు ఎవురికీ తెల్దు. సదువొచ్చినోళ్ళు ఈపు సూసి పిలుస్తారు. గంగులప్పా, ఇసక తే. గంగులప్పా, నీళ్ళు తే అని. కడా వరసలో ఉండేది ఆయన పేరే గదా, అదే పిలుస్తారు. మొదట్లో నవ్వులాటకి పిలిచినారు. ఇప్పుడు అదే అలవాటైపోయింది."

"నువ్వేం సేస్తావు అప్పుడు?"

"పలుకుతాను," అంది సిద్ధమ్మ.

రైలు కూత వినబడింది. ఆమె క్యారియరు చంకలో పెట్టుకుని, "వస్తానమ్మా," అని గుంపులోకి పరిగెత్తింది. ప్రమీలమ్మ ప్లాట్‌ఫారం గేటు దగ్గర నిలబడి, ఆడవాళ్ళంతా పెట్టెలోకి ఎక్కే దాకా చూసింది. తర్వాత మదనపల్లె పోవడానికి పలమనేరు బస్సు పట్టుకుంది. షెడ్డులో ఆ రోజు మూడు వందల బడి చొక్కాలు ఆమె కోసం ఎదురు చూస్తున్నాయి.